ముగ్గు పొంగిన ఆదివారం

"చెల్లె, నువ్వు ఈడ ఏమన్న వోసినవా?"

ఆదివారం పొద్దున్నే వాకిట్లోంచి మా యారాలు అడిగిన ప్రశ్న ఇది. యారాలంటే తోటికోడలు, మా ఆయన అన్న భార్య. నేను అక్కా అంటాను, ఆమె చెల్లె అంటుంది. ఆమె సాన్పి, అదే కళ్ళాపి, చల్లి ముగ్గు వేస్తోంది. నేను లోపల పొయ్యి మీద చాయ్ పెట్టి, పొంగిపోకుండా కాపలా కాస్తున్నాను. లేచీ లేవగానే ఎవరైనా నన్ను నేరం చేసినదాన్ని అడిగినట్టు అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది.

"నేనేం వోస్త అక్కా? ఇంకా పండ్లు గూడ తోముకోలే," అన్నాను కిటికీలోంచి.

"మరి ముగ్గు పొంగుతున్నదేంది? వచ్చి సూడు జెర."

చాయ్ దించి వెళ్ళాను. నిజంగానే ముగ్గు పొంగుతోంది. వాకిలంతా షాబాద్ బండలు. రెండు బండల మధ్య సందులోంచి ఒక సన్నటి తడి గీత కారు కింద బయలుదేరి, వాలు వెంబడి వచ్చి, అక్క వేసిన ముగ్గు కొసను తాకింది. తాకిన చోట ముగ్గుపిండి తెల్లగా నురగ కట్టి చిటపటలాడుతోంది. అక్క ముగ్గు చిప్ప చేత్తో పట్టుకుని, తన ముగ్గుకు ఎవరో దిష్టి పెట్టినట్టు దాని వంక చూస్తోంది. అంతలోనే వంగి వేలు పెట్టబోయింది.

"ముట్టకు అక్కా. అది యాసిడ్."

నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేస్తాను. నా చేతికి తగిలేవి అట్టపెట్టెలూ టేపు చుట్టలే అయినా, సేఫ్టీ క్లాసుకు మాత్రం అందరితోపాటు కూర్చోవాల్సిందే. ఆ క్లాసులో సగం నిద్రపోయాను గానీ, నురగ కట్టే చోట వేలు పెట్టకూడదన్న ముక్క మాత్రం వినపడింది. వంగి కారు కిందికి చూస్తే, ముందు భాగంలో ఒక చుక్క వేలాడుతోంది. చూస్తుండగానే రాలింది. వెనకే ఇంకొకటి తయారైంది.

బానెట్ ఎత్తాను. బ్యాటరీ మీద రెండు కొసల దగ్గరా నీలమూ తెలుపూ కలిసిన పొక్కు మందంగా పేరుకుపోయి ఉంది. పైభాగమంతా తడిగా జిగేల్మంటోంది. కింద దాన్ని కూర్చోబెట్టిన ఇనుప పళ్ళెం రంగు ఊడి, తుప్పు పట్టి, పొరలు పొరలుగా లేచింది. పుల్లటి ఘాటు ముక్కుకు కొట్టింది.

ఆ వాసన మాకు కొత్త కాదు. కొన్నాళ్ళుగా వాకిట్లో వస్తూనే ఉంది. కానీ కెమికల్ కంపెనీలున్న ఇస్నాపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో వాసన వస్తే ఎవరూ ఇల్లు వెతకరు, గాలి ఎటు నుంచి వస్తోందో చూస్తారు. సాయంత్రం పూట మా ఆయన గడపలో నిలబడి ముక్కు పైకెత్తి, "ఇయ్యాల గాలి కంపెనీల దిక్కెళ్ళి కొడ్తున్నది," అని తేల్చేవాడు. మేమందరం తలూపి తలుపులు వేసుకునేవాళ్ళం. సొంత కారు వాకిట్లో కుళ్ళుతుంటే, పాపం మొత్తం కంపెనీల మీదికి తోసి హాయిగా నిద్రపోయాం.

సొంత కారు అన్నాను గానీ, అది సగమే మాది. మిగతా సగం గోడ అవతలి వాళ్ళది. ఆ సంగతి చెప్పకపోతే ఆ పొద్దున జరిగింది అర్థం కాదు.

అన్నదమ్ములిద్దరూ కలిసి ఉన్నప్పుడు కొన్న డీజిల్ కారు అది. తర్వాత వేరుపడ్డారు. పొలం పంచుకున్నారు, గొడ్లను పంచుకున్నారు, వెనకాల కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళకు కిరాయికి ఇచ్చిన గదుల్ని కూడా చెరిసగం చేసుకున్నారు. అప్పటిదాకా ఒక్క మాట తేడా రాలేదు. ఊళ్ళో వాళ్ళు కూడా, పంచుకుంటే వీళ్ళలా పంచుకోవాలన్నారు. తీరా ఇంటి నడుమ గోడ కట్టే రోజు గొడవైంది. బావ, అంటే అక్క భర్త, తొమ్మిదించుల గోడ కడదామన్నాడు. మా ఆయన నాలుగించులు చాలన్నాడు. గోడ గట్టిగా ఉండాలని బావ ఉద్దేశం. అంత మందపు గోడ కట్టుకోవడానికి నేనేమన్నా దొంగనా అని మా ఆయన బాధ. చివరికి గోడ తొమ్మిదించులే లేచింది, మాటలు మాత్రం పడిపోయాయి.

పంచడానికి వీల్లేక మిగిలింది కారొక్కటే. దానికి బావి దగ్గరి పద్ధతి పెట్టారు. ఉమ్మడి బావి ఉన్న రైతులు మోటారును వంతులవారీగా వాడుకుంటారు, ఇవాళ నీ మడి, రేపు నా మడి అని. అలాగే కారు ఒక వారం మాకు, ఒక వారం వాళ్ళకు. ఆదివారం పొద్దున తాళంచెవి చేతులు మారుతుంది. కారు కోసమే వాకిలి మధ్య గోడ కట్టకుండా వదిలేశారు. ఇంట్లో గోడ ఉంది, వాకిట్లో లేదు. అక్కా నేనూ రోజూ ముగ్గు దగ్గర కలుసుకునేది అందువల్లే.

అన్నదమ్ములు మాట్లాడుకునేది ఆ తాళంచెవి ఇచ్చిపుచ్చుకునే కాసేపే. అదీ ఎంత మాట?

"డీజిల్ ఉన్నదా?"

"ఉన్నది."

"బ్రేకులు?"

"మంచిగనే వడ్తున్నయ్."

అంతే. ఎవరి లోపలికి వాళ్ళు. మా అత్తమ్మ మాత్రం ఆ నాలుగు మాటల కోసం శనివారం రాత్రే తలస్నానానికి కుంకుడుకాయ నానబెట్టుకునేది. ఆదివారం పొద్దున తయారై, వాకిట్లో మంచం వేసుకుని, ఏ పనీ లేకపోయినా కూర్చునేది. కొడుకులిద్దరూ పక్కపక్కన నిలబడే దృశ్యం వారానికి ఒక్కసారే దొరుకుతుందని ఆమె ఎవరితోనూ అనలేదు. అనకపోయినా మాకు తెలుసు.

సరే, ఆ ఆదివారం. బానెట్ ఎత్తిన చప్పుడుకు మా ఆయన వచ్చాడు. తాళంచెవి కోసం బావ వచ్చాడు. ఇద్దరూ చెరోపక్క నిలబడి లోపలికి చూశారు.

"ఇది ఎప్పటి సంది కారుతున్నది?" అన్నాడు బావ.

"నాకేం తెలుసు? నా వారంల మంచిగనే నడిచింది," అన్నాడు మా ఆయన.

"నీ వారం ఇంకా అయిపోలే. తాళంచెవి ఇంకా నీ దగ్గర్నే ఉన్నది."

"పళ్ళెం ఇంత తుప్పు వట్టాల్నంటె ఒక్క వారంల వట్టదు. నీ దిక్కు ఉన్నప్పుడే మొదలయ్యుంటది."

"అంటె నేను ఖరాబు చేసి నీకిచ్చిన్నంటవ్."

"నేనట్ల అనలే. నువ్వే అంటున్నవ్."

గోడ దగ్గర మొదలైన పాత గొడవే ఇది, బ్యాటరీ దాకా నడిచొచ్చింది. నాకు నోరాగదు. "ముందుగాల ఆ చుక్కలు కారుడు ఆపున్రి, తర్వాత ఎవరి వారమో తేల్చుకుందురు," అన్నాను. ఇద్దరూ నన్ను చూడనే లేదు. నన్ను లెక్కచేయకపోవడంలో మాత్రం అన్నదమ్ములిద్దరూ ఎప్పుడూ ఒకటే.

బావ కోపం వస్తే అరిచే మనిషి కాదు, గొంతు తగ్గిస్తాడు. తగ్గించాడు. "ఇగ ఈ వంతులు వద్దు, ఈ పంచాయితీ వద్దు. అమ్మేద్దాం. ఇస్నాపూర్ల నాకు తెల్సిన బ్రోకర్ ఉన్నడు, సాయంత్రం పిలుస్త. సూసుకొని తీస్కపోతడు."

"పిలువు. నాక్కూడ తలనొప్పి వోతది," అన్నాడు మా ఆయన.

బావ జేబులోంచి ఫోన్ తీసి అక్కడికక్కడే మాట్లాడేశాడు. తర్వాత అక్క వైపూ నా వైపూ తిరిగి, "గిట్ల కారుకుంట ఉంటె ఎవరు కొనరు. జెర కడిగి పెట్టున్రి," అని చెప్పి, స్కూటరెక్కి పొలానికి పోయాడు. మా ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ చాయ్ హోటల్‌కు పోయాడు. చెడగొట్టేది ఎవరైనా కడిగేది ఎవరో లోకంలో ముందే రాసిపెట్టి ఉంది.

అత్తమ్మ మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు. గింజలు పడాల్సిన గిన్నెలో పండూ, పండు పడాల్సిన చేటలో గింజలూ పడుతున్నాయి. అది చూశాక నాకు అర్థమైంది. ఇనప డబ్బా పోతే పోనీ, బస్సులున్నాయి, ఆటోలున్నాయి. కానీ కారు పోతే ఆదివారం పోతుంది. అడగడానికి డీజిలూ ఉండదు, బ్రేకులూ ఉండవు. వాకిట్లో మిగిలిన గోడ కూడా కట్టేస్తారు. అప్పుడు ముగ్గు కూడా ఎవరి వైపు వాళ్ళమే వేసుకోవాలి. అక్క కూడా అదే ఆలోచిస్తోందని ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఆమె కళ్ళు బానెట్ మీద కాదు, రేపు గోడ లేచే చోట ఉన్నాయి.

"నడువు అక్కా, కడుగుదాం," అన్నాను. ఏడుపు వచ్చేలా ఉన్నప్పుడు నాకు పని కావాలి.

నా దగ్గర కంపెనీ రబ్బరు గ్లవుసులు రెండు జతలున్నాయి. ఒక జత అక్కకు తొడిగాను. పోయిన మా మామయ్య పాత కళ్ళద్దాలు ఆమెకు పెట్టాను, నా చలువ కళ్ళద్దాలు నేను పెట్టుకున్నాను. పాత చీరలు కట్టుకుని, కొంగులు నడుముకు బిగించాం. వెనక గదుల్లో కిరాయికుండే ఒడియా అబ్బాయి బకెట్ పట్టుకుని పంపు దగ్గరికి వస్తూ మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"క్యా హువా భాభీ?"

"కుఛ్ నై. బ్యాటరీ రో రహీ," అంది అక్క, మామయ్య కళ్ళద్దాల పైనుంచి చూస్తూ. ఏం లేదు, బ్యాటరీ ఏడుస్తోందట. అతను నవ్వాపుకోలేక బకెట్ అక్కడే పెట్టి వెనక్కి వెళ్ళిపోయాడు.

పానాతో ముందు మైనస్ తీగ విప్పాను, తర్వాత ప్లస్. పొక్కు పట్టిన బోల్టు ఒకపట్టాన రాలేదు. నేను బోల్టును తిడుతుంటే, అక్క తీగను పట్టుకుని, "తిడితె వస్తదా? నిమ్మలంగ తిప్పు," అంటోంది. తిడితేనే వచ్చింది, ఆమె ఒప్పుకోలేదు గానీ. ఇద్దరం చెరో చివరా పట్టుకుని బ్యాటరీని ఎత్తి, నేల మీద పాత గోనెసంచీ పరిచి దించాం. ఇంత చిన్న డబ్బా అంత బరువుంటుందని ఎత్తేదాకా తెలియదు.

అక్క వంటింట్లోంచి తినే సోడా డబ్బా తెచ్చింది. మిర్చి బజ్జీలకు తెచ్చిపెట్టుకున్నది. మగ్గులో నీళ్ళు కలిపి, పాత పళ్ళ బ్రష్షుతో ఆ నీలం పొక్కు మీద రాశాను. భుస్సుమని పొంగింది. అక్క ఒకడుగు వెనక్కేసి, మళ్ళీ ముందుకొచ్చి, "ఇంకొంచెం వొయ్యి, మంచిగ అనిపిస్తున్నది," అంది. నిజం చెప్పాలంటే నాకూ బాగానే అనిపించింది. పొద్దుటి నుంచి కడుపులో ఉన్న మంటంతా ఆ బుడగల్లో పోతున్నట్టుంది. బజ్జీల సోడా సగం అయిపోయేదాకా పోశాం.

తర్వాత కారులోని ఇనుప పళ్ళెం. తుప్పు పొరలు గీకి, సోడా నీళ్ళు పోసి, పొంగడం ఆగిపోయేదాకా రుద్దాం. కింద బండల మీద చుక్కలు పడ్డ చోట తెల్లగా మచ్చలు పడ్డాయి. షాబాద్ రాయి కూడా సున్నపు రాయే కదా, యాసిడ్ దాన్ని కొరికేసింది. అక్క కొబ్బరి పీచుతో ఎంత రుద్దినా అవి పోలేదు. "వోవు అక్కా, అవి మరకలు కావు, గుంతలు," అన్నాను. అయినా ఆమె రుద్దుతూనే ఉంది. ఆమె చేతులు కూడా పనినే వెతుక్కుంటున్నాయి.

బ్యాటరీ మీద ఆరు మూతలుంటాయి. పైన శుభ్రం చేశాక ఒక్కటి తీసి చూద్దామనిపించింది. రూపాయి బిళ్ళతో తిప్పి తీశాను. లోపల నీళ్ళు అంచుదాకా ఉన్నాయి, అంటే మూత మళ్ళీ పెట్టడానికి కూడా చోటు లేనంతగా. రెండోది తీశాను. అదీ అంతే. ఆరూ అంతే.

అక్క తొంగి చూసి, "నిండుగనే ఉన్నది గద. మంచిదే గద?" అంది.

"మంచిది కాదక్కా. లోపలి రేకులు మునిగేటట్టు ఉంటె సాలు. ఇంత నిండుగ ఉంటె, బండి నడిచి వేడెక్కినప్పుడు పైకెళ్ళి పొంగుతది. పొంగేది ఉత్త నీళ్ళు కాదు, యాసిడే పొంగుతది. గందుకే ఇట్ల కారింది. ఎవరో ఓవర్‌గ వోసిన్రు."

అక్క మామయ్య కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసింది. అక్క ఏదైనా దాచాలనుకున్నప్పుడు చేతిలో ఏదో ఒకటి తుడవాల్సిందే.

"ఏందక్కా?"

"నీకు చెప్పొద్దన్నడు చెల్లె."

"ఎవరు?"

"మీ బావ." గొంతు తగ్గించింది, అత్తమ్మకు వినపడకూడదన్నట్టు. "మా వారం అయిపోయే ముందల, శనివారం సాయంత్రం, బ్యాటరీ నీళ్ళు వోస్తడు. ఆరింట్లల్ల నిండ వోస్తడు. తమ్మునికి ఎండిపోయింది అప్పజెప్పొద్దు, వాని వారంల వానికి తక్లీఫ్ కావొద్దంటడు. డబ్బా మా అటక మీద ఉంటది. నువ్వు మీ ఆయనకు చెప్తవని, చెప్తె అతను నారాజ్ అయితడని, నా తోని ఒట్టు వేయించుకున్నడు."

నేను గోనెసంచీ పక్కన బండ మీద కూలబడ్డాను. ఎందుకంటే మా ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనకాల కూడా ఒక డబ్బా ఉంది. అదీ బ్యాటరీ నీళ్ళదే, తెల్ల ప్లాస్టిక్ డబ్బా. తిన్న కంచం కూడా తీయని మా ఆయన, మా వారం ముగిసే శనివారం సాయంత్రం మాత్రం ఆ డబ్బా చంకలో పెట్టుకుని దొంగలా వాకిట్లోకి పోయేవాడు. ఎందుకని ఒకసారి అడిగితే, "అన్నకిచ్చే ముందల నింపియ్యాలె గద. నువ్వు మీ అక్క తోని అనకు. ఎహసాన్ చేసినట్టు, ఉపకారం జేసి చెప్పుకున్నట్టు అనుకుంటరు," అన్నాడు. నేనూ నోరు మూసుకున్నాను, ఇందాక 'ఎవరో' అన్నది కూడా అందుకే. నా నోరు మూసుకోవడమే ఒక వింత, అది కూడా తప్పు విషయంలో మూసుకున్నాను.

"అక్కా, మా ఆయన గూడ వోస్తడు," అన్నాను.

"ఏం వోస్తడు?"

"నీళ్ళే. మీకిచ్చే ముందల. నిండ వోస్తడు."

అక్క నా వంక చూసింది. ఆరు మూతల వంక చూసింది. మళ్ళీ నా వంక చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, నవ్వింది. ఇద్దరం ఆ గ్లవుసులతో, ఆ కళ్ళద్దాలతో, వాకిట్లో బండల మీద కూర్చుని పడీపడీ నవ్వాం. ఒకాయన పోసింది పొంగిపోయి తగ్గుతుంది, తగ్గింది కదా అని ఇంకొకాయన పోస్తాడు, అది పొంగుతుంది. వారం వారం యాసిడ్ బయటికి, నీళ్ళు లోపలికి. ఇద్దరి ప్రేమా కలిసి పాపం ఒక్క బ్యాటరీ మీద పడింది. అదైనా ఎంతకని తట్టుకుంటుంది?

"ఏందే గంత నవ్వుడు?" అంది అత్తమ్మ.

చెప్పాం. అక్క ఒట్టు కూడా గాలికి పోయింది. అత్తమ్మ నవ్వలేదు. చేతిలోని చింతపండు ముద్దను చేటలో పెట్టింది. తర్వాత అంది.

"అది మీ మామ నేర్పిన పని. బాయి కాడ మన వంతు అయిపోయినంక కాలువ ఎండవెట్టి వచ్చేటోడు కాదు. ఇంకొంచెం సేపు మోటారు నడిపిచ్చి, పక్కోని మడి దాక కాలువ నిండినంకనే ఇంటికొచ్చేటోడు. వీళ్ళిద్దరు ఆయన ఎంబడి పారలు వట్టుకొని తిరిగెటోళ్ళు. మర్సిపోయిన్రనుకున్న."

కొంగుతో ముక్కు తుడుచుకుంది. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది.

"మరి చెప్దామా అత్తమ్మా?" అన్నాను. "సాయంత్రం ఆ బ్రోకర్ వస్తడు."

"చెప్తె ఇంటరా? నువ్వు ఒకటంటె ఆడు రెండంటడు. చెప్పకున్రి. సూపెట్టున్రి."

అలా చింతపండు మంచం మీద తీర్మానం అయిపోయింది. బ్యాటరీలో ఎక్కువైన నీళ్ళను గొడ్లకు మందు పట్టే పాత సిరంజీతో పైపైన లాగి, సోడా నీళ్ళున్న బకెట్‌లో వదిలాను. మూతలు బిగించి, పొడి గుడ్డతో తుడిచి, దాని చోట దాన్ని కూర్చోబెట్టాం. తీగలు తగిలించి, బోల్టుల మీద వ్యాజలైన్ పూశాం. తర్వాత అక్క అటక ఎక్కింది, నేను బియ్యం డ్రమ్ము జరిపాను. రెండు తెల్ల డబ్బాలూ తెచ్చి బానెట్ మీద పక్కపక్కన నిలబెట్టాం.

ముందు వచ్చింది మా ఆయన. చాయ్ హోటల్‌లో కోపం దిగిపోయినట్టుంది, ఈల వేసుకుంటూ వచ్చాడు. డబ్బాలు చూసి ఈల ఆపాడు.

"మన డబ్బా బయటికెందుకు తెచ్చినవ్? ఎవరన్న సూస్తె?" అన్నాడు నాతో, గుసగుసగా.

"ఏది మనది?"

వేలు చూపించబోయాడు. చూపించలేకపోయాడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. "రెండోదెవరిది?"

"మీ అన్నది. అటక మీదికెళ్ళి తీసింది అక్క."

ఆయన నేను చూపించిన డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. ఊపి చూశాడు. సగానికి తక్కువే ఉంది. కింద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. అప్పుడే గేటు దగ్గర బావ స్కూటర్ ఆగింది. బావ లోపలికి వచ్చి, తన డబ్బా తమ్ముడి చేతిలో చూసి, గట్టిగా అక్క వైపు చూశాడు. అక్క కళ్ళద్దాలు తుడవడం మొదలుపెట్టింది.

"అది నాది," అన్నాడు బావ.

"ఇది నాది," అన్నాడు మా ఆయన, రెండోది చూపించి.

అత్తమ్మ గింజలు తీయడం ఆపేసింది.

"నువ్వు గూడ వోస్తున్నవారా?"

"వోస్తున్న. నీకిచ్చే ముందల."

"నేను గూడ గంతే."

"మరి నాకు చెప్పొద్దా అన్నా?"

"నువ్వు చెప్పినవా?"

"చెప్తె నువ్వు వద్దంటవని చెప్పలే."

ఆ మాట అంటున్నప్పుడు మా ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వినిపించింది. బావ గడ్డం గోక్కున్నాడు. మిగిలిన డబ్బాను కిందికి దించి, బానెట్ ఎత్తి బ్యాటరీ వంక చూశాడు. శుభ్రంగా, పొడిగా ఉంది. "మంచిగ కడిగిన్రు," అన్నాడు నాతోనూ అక్కతోనూ, మేమేదో పరాయి ఇంటికి పనికి వచ్చినట్టు. తర్వాత ఫోన్ తీశాడు.

"ఆఁ... నేనే. సాయంత్రం రాకు. బండి అమ్ముతలేం." అవతలివాడు ఏదో అడిగాడు. "ఏం లేదు. నీళ్ళెక్కువైనయ్. గంతే."

అక్కడితో అందరం భోజనానికి కూర్చుని ఉంటే కథ కంచికి వెళ్ళేదే. కానీ యాసిడ్ మొత్తం కారిపోయిన బ్యాటరీలో ప్రాణం ఎక్కడుంటుంది? తాళం తిప్పితే ఇంజన్ ఒక్కసారి మూలిగి ఊరుకుంది. పటాన్‌చెరులో బ్యాటరీల షాపుకు తీసుకుపోవాలి. ఆదివారం మధ్యాహ్నానికి షాపువాడు మూసేస్తాడు.

"నూకుదాం," అన్నాడు బావ.

"నూకుదాం," అన్నాడు మా ఆయన.

తోయడానికి ఇద్దరు కావాలి కాబట్టి స్టీరింగు దగ్గర నేను కూర్చున్నాను. కారు నేర్చుకుని చాలా కాలమైనా, మా ఇంట్లో నాకు ఆ సీటు ఇచ్చేది ఇలాంటప్పుడే. "నేను గూడ వస్త, నువ్వొక్కదానివే ఎట్ల వోతవ్," అని అక్క వచ్చి పక్కన కూర్చుంది, పాత చీర కూడా మార్చకుండా. గేటు దాటించి, ఊరి రోడ్డు మీద వాలు వైపు బండిని తిప్పారు. వెనక అన్నదమ్ములిద్దరూ డిక్కీ మీద చేతులు పెట్టి వంగారు.

"సెకండ్ గేర్ల వెట్టు," అన్నాడు బావ.

"క్లచ్ ఒక్కసారే ఇడువు," అన్నాడు మా ఆయన.

"నాకు తెలుసు, ముందుగాల మీరు నూకున్రి," అన్నాను.

కారు కదిలింది. మొదట మెల్లగా, తర్వాత కొంచెం వేగంగా. వాళ్ళ చెప్పుల చప్పుడు వెనక కలిసి వినిపిస్తోంది. క్లచ్ వదిలాను. కారు ఎగిరి దూకి, దగ్గి, నల్లటి పొగ వదిలి అందుకుంది.

ఆపబోయాను, వాళ్ళను ఎక్కించుకుందామని. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకు. ఆపితె మల్ల బంద్ వడ్తది. వోనియ్."

పోనిచ్చాను. అద్దంలో చూస్తే ఇద్దరూ రోడ్డు మధ్యలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. మా ఆయన భుజం మీది తువ్వాల తీసి బావకు ఇచ్చాడు. బావ ముఖం తుడుచుకుని, తిరిగి ఇవ్వలేదు, తన భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ ఇంటి వైపు తిరిగారు. తిరిగారు గానీ నడవలేదు. బావ ఏదో చెబుతూ చేత్తో అంచు కొలత చూపిస్తున్నాడు, ఇంతే పోయాలి అన్నట్టు. మా ఆయన కాదు కాదు అని తలూపుతూ ఇంకో కొలత చూపిస్తున్నాడు. పోట్లాడుకుంటున్నారు. చాన్నాళ్ళకు, డీజిల్ గురించీ బ్రేకుల గురించీ కాక.

నాకు కళ్ళ ముందు రోడ్డు సరిగ్గా కనపడలేదు.

అక్క చెయ్యి చాపి, నడుమనున్న అద్దాన్ని తన వైపు తిప్పుకుంది, వాళ్ళు ఇంకాసేపు కనపడతారని. వెనక లారీలొస్తాయి, ఆ అద్దం నాకు కావాలి. ఇంకెవరైనా అయితే చెయ్యి మీద ఒక్కటి వేసేదాన్ని.

"కనవడ్తున్నరా?" అని అడిగాను.

"కనవడ్తున్నరు. ఆడ్నే నిలవడ్డరు," అంది.

అద్దం తిప్పుకోలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి లారీలను చూసుకుంటూ, హైవే దాకా మెల్లగా నడిపాను.